పెరటి చెట్టు మందుకు పనికిరాదా?

ఈ సంచికకు వ్యాసము వ్రాయుమని మిత్రులు కోరినప్పుడు, మన పూర్వులు ఈ కన్నడదేశమునకు వచ్చిన వృత్తాంతమునో, ఇంటిలో తెలుగు నిలుపుకొనవలసిన యావశ్యకతనో వ్రాయుదునని వారు తలచియుందురు. ఆ విషయములను నాకంటె బాగుగ వ్రాయగల పెద్దలు మనలో కలరు. నేను ఫుట్‌బాలు ఆటను గూర్చి, అంతకంటె ముఖ్యముగ ఆ యాటను గూర్చి మన యువకులు చేయు వాదములను గూర్చి వ్రాయదలచితిని. సాంస్కృతిక సంచికలో బంతి యేమిటని కొందరు నొసలు ముడువవచ్చును. చివరివరకు చదివి, పిమ్మట ముడువుడని మనవి.

గడచిన సంక్రాంతికి మా బంధువుల యింట పదిమంది కుర్రవాండ్రు చేరిరి. భోజనములు ముగిసినవో లేదో ఫుట్‌బాలు వాదము మొదలయ్యెను. మన బెంగుళూరు జట్టు వెనుక నలుగురిని నిలుపవలెనని ఒకడు, ముగ్గురు చాలునని ఒకడు. ముందువరుసకు స్పెయిను దేశమునుండి ఎవనినైనను తెచ్చినగాని గతిలేదని ఒకడు. అచ్చటినుండి వచ్చువారందరు వయసు మళ్లినవారే, బ్రెజిలు వానిని కొనవలెనని వేరొకడు. జట్టులోని ఇరువదేండ్ల పిల్లవాడెవడో పోయిన ఆటలో బంతిని వెనుకకు తన్నబోయి ప్రత్యర్థి కాలికి అందించెనట. వానిని ఆ మధ్యాహ్నము వారు తిట్టిన తిట్లు ఇచ్చట వ్రాయదగినవి కావు. “వీణ్ణి అమ్మేసి ఇంకొకణ్ణి కొనాలి” అని చివరకు అందరును ఏకగ్రీవముగ తీర్మానించిరి.

గంటన్నరసేపు విని, నేను ఒక ప్రశ్న వేసితిని. “నాయనా, మన వీధి దాటితే మైదానం ఉంది గదా. అక్కడ ఆదివారం ఆదివారం ఆడే పిల్లల్లో ముగ్గురి పేర్లు చెప్పండి” అంటిని. ఒక్కడును చెప్పలేకపోయెను. నా మనుమడు వరుసవాడు నవ్వి, “అదీ ఒక ఆటేనా తాతయ్యా?” అనెను. మిగిలినవారును నవ్విరి. ఆ నవ్వునకు ప్రత్యుత్తరమే ఈ వ్యాసము.

ముందుగ ఒక మాట. వాదించుటను నేను తప్పుపట్టను. నేనును కార్యాలయము విడిచిన సాయంకాలములందు అశోకనగరు స్టేడియము మెట్లమీద కూర్చుండి గొంతు పోవునట్లు వాదించినవాడనే. ఆట చూచినవాడు వాదింపక మానడు. శిక్షకుడు చేసిన మార్పు సరియా కాదా, ఎడమవైపు ఆడవలసినవానిని కుడివైపు ఏల ఆడించిరి, అలసిన ఆటగానిని ఏల ముందుగా పిలువలేదు అని తర్కించుట ఆటను ప్రేమించుటలో ఒక భాగము. కాని నేటి వాదములలో ఆట కనబడుట లేదు; సంత కనబడుచున్నది. ఎవనిని కొనవలెను, ఎంతకు కొనవలెను, ఎవనిని వదిలించుకొనవలెను అను మాటలే ఆద్యంతములు. ఇదియే నా అభియోగము. కొనుగోలును భక్తిగ చేసికొన్న అభిమాని తన జట్టునకు మేలు చేయుచున్నాననుకొనుచు, దాని వేళ్లను తానే నరకుచున్నాడు.

ఈ మాటకు తార్కాణము మన తెలుగునేలనుండియే చూపుదును. 1909లో హైదరాబాదున పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీము వృత్తిచే బడిపంతులు. 1950 నుండి 1963లో మరణించువరకు ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడుగ నుండెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగ ఐదు పర్యాయములు బొంబాయిలో రోవర్సు కప్పు గెలిచెను. 1950లో డ్యూరాండు కప్పు తుదిపోరులో కలకత్తా మోహన్ బగానును ఓడించెను. 1956–57, 1957–58 సంవత్సరములలో హైదరాబాదు రాష్ట్రపు జట్టు సంతోష్ ట్రోఫీని వరుసగ రెండుమారులు గెలిచెను. ధనవంతుల సంఘములన్నియు కలకత్తాలో నుండగా, ఒక పోలీసు జట్టు ఇన్ని కప్పులను ఎట్లు ఎత్తెను? ఆటగానికి ఆ ఊరిలోనే యొక ఉద్యోగము, ఆ ఉద్యోగముతోపాటు నెలకు జీతము, ఉదయము సాయంకాలము రహీము పాఠము. అంతకంటె వేరు పెట్టుబడి లేదు.

రహీము పాఠము ఎట్టిదో వినుడు. కుడికాలి వాటముగల పిల్లలు ఎడమకాలితోనే ఆడవలెనను నియమముతో ఆయన పోటీలు పెట్టించెను. అందు గెలుపోటములకు విలువ లేదు. రెండవకాలు మేల్కొనుటయే ఫలము. సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడలో పేదయింట పుట్టిన తులసీదాసు బలరాము అను కుర్రవానికి శిక్షణకు వచ్చుటకు బండి ఖర్చు లేకపోగా, బాడుగ సైకిలునకు రహీమే డబ్బిచ్చెనని చెప్పుదురు. ఆ బలరాము 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునకు పోయెను. 1960లో రోమునగరమున హంగేరీపైనను, పెరూపైనను గోలు చేసెను. ఒక సైకిలు బాడుగ దేశమునకెంత వడ్డీతో తిరిగివచ్చెనో చూడుడు.

“అది పాతకాలము, నాడు వ్యూహములెక్కడివి?” అని మన యువకులు అందురు. నాటివారికి వ్యూహము తెలియదనుకొనుట చదువకపోవుటచే వచ్చిన అహంకారము. 1952లో హెల్సింకిలో మనవారు పలువురు వట్టికాళ్లతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిరి. 1953లో హంగేరీవారు సెంటర్ ఫార్వర్డును వెనుకకు దించి ఆడించి, లండను వెంబ్లీ మైదానమున ఇంగ్లాండును 6–3 తేడాతో ఓడించిరి. లోకమంతయు విస్తుపోయిన ఆ పద్ధతిని రహీము శ్రద్ధతో గమనించి మన జట్టునకు పట్టించెను. 1956లో ఆ జట్టు మెల్బోర్నులో ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి, ఒలింపిక్సునందు నాలుగవ స్థానము పొందెను. నాటికిని నేటికిని ఒలింపిక్ ఫుట్‌బాలులో భారతదేశము అంతకంటె పైమెట్టు ఎక్కలేదు.

1962 జకార్తా ఆసియా క్రీడలలో జరిగినది మరియు విశేషము. వెనుక నిలిచి కాపు కాయు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. గాయపడినవాడు వెనుక నిలిచి ప్రతి బంతిని తలతో ఎదుర్కొనుట కష్టము. జట్టునుండి తీసివేయుటయు నష్టము. రహీము అతనిని ముందువరుసకు పంపెను. సెమీఫైనలులో జర్నైలు గోలు చేసెను. సెప్టెంబరు 4వ తేదీన జరిగిన ఫైనలులోను గోలు చేసెను. దక్షిణ కొరియాను 2–1 తేడాతో ఓడించి మనవారు బంగారు పతకము గెలిచిరి. క్యాన్సరు వ్యాధితో నున్న రహీము మరుసటి సంవత్సరము జూనులో కన్ను మూసెను.

ఈ కథనుండి నేర్చుకొనవలసిన దేమి? దేశపు జట్టు ఎవరినిని కొనలేదు. ఉన్నవారితోనే ఆడవలెను. కనుక వ్యూహమనగా ఉన్నవారిని ఎరుగుట. జర్నైలు పరుగు, తలబలము, గుండెధైర్యము తెలిసినవాడే వానిని వెనుకనుండి ముందునకు తెచ్చుటకు సాహసించును. ఎరుగని మనుష్యులను అంగడి నుండి తెచ్చి, కాగితముమీద నాలుగు రెండు మూడు ఒకటి అని అంకెలు పేర్చుట వ్యూహము కాదు. అది నేను నలుబదేండ్లు చేసిన పద్దుల పని. ఆ పని యెంత నిర్జీవమో నాకు బాగుగ తెలియును.

ఇచ్చట నొక ఆక్షేపణ రాగలదు. కలకత్తా సంఘములు దక్షిణదేశపు ఆటగాండ్రను తీసికొనిపోయియే గదా గొప్పవైనవి అని. నిజమే. ఈస్టు బెంగాలు సంఘమునకు పంచపాండవులని పేరొందిన ముందువరుస యుండెను: వెంకటేశు, అప్పారావు, ధనరాజు, అహమ్మదు ఖాను, సాలే. ఆ యప్పారావు పేరులోనే తెలుగుదన ముట్టిపడుచున్నది. అహమ్మదు ఖాను, ధనరాజు మన బెంగుళూరు మైదానములలో తేలినవారు. 1948లో లండను ఒలింపిక్సున ఫ్రాన్సుపై మన దేశపు ఏకైక గోలు చేసిన సారంగపాణి రామను కూడ బెంగుళూరువాడే. పంచపాండవులాడిన కాలమున ఈస్టు బెంగాలు 1949, 1950, 1951 సంవత్సరములలో వరుసగ ఐ.ఎఫ్.ఏ. షీల్డును, 1951, 1952 సంవత్సరములలో డ్యూరాండు కప్పును గెలిచెను.

కాని వారిని తెచ్చినవారు మరుసటి సంవత్సరమే సాగనంపుటకు తేలేదు. 1949 నుండి 1953 వరకు ఐదుగురిని ఒక వరుసలో కలిపి ఆడించిరి. ఒకని అడుగు రెండవవానికి చూడకయే తెలియునంతవరకు ఓర్చిరి. ఒక ఆటలో తప్పిన వానిని అమ్మివేయుడని అభిమానులు కేకలు వేసి, సంఘమువారు ఆ కేకలు విని యుండినచో, పంచపాండవులలో ఇద్దరైనను మిగిలెడివారు కారు. తెచ్చుట తప్పని నేననుట లేదు. తెచ్చినదానిని నాటుకొనక, కుండీలో నుంచి ప్రతి యేడు పారవేయుట తప్పనుచున్నాను.

మరియొక సంగతి స్పష్టపరుపవలెను. బ్రతుకుతెరువునకై సంఘము మారిన ఆటగానిని నిందించుటకు నాకు నోరు రాదు. గుమాస్తాగ పనిచేసినవానికి బదిలీ అను మాట క్రొత్తది కాదు. అంతకుమించి, మనమందరము బదిలీ అయినవారి సంతానమే గదా! మన తాతముత్తాతలు కొందరు కూలికి, కొందరు కొలువునకు, కొందరు వ్యాపారమునకు ఊరు విడిచి వచ్చిరి. వారిని ద్రోహులని ఎవరైన నందురా? ఆటగాని కాళ్లు పదేండ్లకంటె ఎక్కువకాలము అన్నము పెట్టవు. వాడు నాలుగు రూకలు ఎక్కువ దొరకు చోటికి పోవుట న్యాయము. నా తగవు ఆటగానితో కాదు. ఇంటిలో కూర్చుండి, వానిని కొనుడు వీనిని అమ్ముడు అని ఉత్సాహపడు అభిమానితో.

ఈ సంతబుద్ధి చివర కేమగునో ఇటీవలి సంగతులే చెప్పుచున్నవి. పూనాలోను, భువనేశ్వరము బరంపురములలోను నున్న మనవారికి ఇవి కన్నులయెదుట జరిగినవి. 2014లో ఇండియన్ సూపర్ లీగు ఆరంభమయ్యెను. 2019లో ఢిల్లీ జట్టు ఢిల్లీని విడిచి భువనేశ్వరమునకు పోయి ఒడిశా పేరు ధరించెను. ఆ సంవత్సరమే పూనా జట్టు మూతపడగా, దాని స్థానమున హైదరాబాదు జట్టు వెలసెను. తెలుగువారి రాజధానికి జట్టు వచ్చెనని నేనును పొంగిపోయితిని. 2025లో ఆ హైదరాబాదు జట్టు మూట కట్టుకొని ఢిల్లీకి పోయి, పేరు మార్చుకొని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యయ్యెను. ఆరేండ్లలో చక్రము తిరిగి మొదటిచోటికి వచ్చెను. ఊరునకు జట్టు కాదు, జట్టునకు ఊరు బాడుగయిల్లు అన్నట్లు జరిగెను.

ఆ హైదరాబాదు జట్టు చరిత్రలో మంచి ఘట్టము లేకపోలేదు. 2020లో స్పెయినునుండి వచ్చిన మనోలో మార్క్వెజ్ అను శిక్షకుడు పిల్లలను నమ్మెను. లిస్టను కొలాసో, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి యువకులకు చోటిచ్చి, తప్పులు చేయనిచ్చి, తీర్చిదిద్దెను. 2022 మార్చి 20వ తేదీన గోవాలో జరిగిన ఫైనలులో కేరళ జట్టుతో 1–1గా సమానమై, పెనాల్టీలలో 3–1 తేడాతో గెలిచి కప్పు నెత్తెను. ఆనాడు కట్టిమణి యను గోలుకీపరు మూడు పెనాల్టీలను ఆపెను. ఆ యేడు 18 గోల్సు చేసిన ఓగ్బెచె నైజీరియావాడను మాట నేను దాచను. కాని ఒక్క ఓగ్బెచెచే కప్పు రాలేదు. అతని వెనుక పిల్లల పరుగు కలదు.

పిమ్మట నేమయ్యెను? కొలాసో 2021లోను, ఆశిష్ రాయ్ 2022లోను కలకత్తాకు పోయిరి. ఆకాశ్ మిశ్రా 2023లో బొంబాయికి పోయెను. జట్టులో జీతముల బాకీలు పేరుకొనినవి; క్రొత్తవారిని చేర్చుకొనరాదని నిషేధము పడెను; 2023–24లో ఆ జట్టు పట్టికలో అట్టడుగున నిలిచెను. తరువాత ఢిల్లీ ప్రయాణము. నాడు మన యువకులే, “ఇంత అన్యాయమా, అభిమానుల నడగకుండ జట్టును అమ్ముదురా!” అని వాపోయిరి. నేనడుగుచున్నాను. ఇన్నాళ్లు మనుష్యులను అమ్ముడు కొనుడు అని మీరే కేకలు వేసితిరి గదా. ఆటగానిని సరకుగ చూచుట నేర్పినవారికి, తుదకు జట్టే సరకు అయినప్పుడు అరచుటకు హక్కెక్కడిది? ఎరువు సొమ్ము బరువుచేటు అని పెద్దలు ఊరక అనలేదు.

ఇక దేశమునకు గలిగిన నష్టము. లీగు ఆరంభమున మైదానముమీద నొక జట్టులో ఆరుగురు విదేశీయులు ఆడవచ్చును. 2017–18లో ఆ సంఖ్య ఐదయ్యెను, 2021–22లో నాలుగయ్యెను. తగ్గించుట మంచిదే. కాని ఆ నాలుగు స్థానములు ఏవి? గోలు చేయవలసిన సెంటర్ ఫార్వర్డు స్థానము చాలజట్లలో విదేశీయునిదే. మన పిల్లవాడు ప్రక్కకు జరుగవలెను, లేదా బెంచీమీద కూర్చుండవలెను. గోలు చేయుట బెంచీమీద కూర్చుండి నేర్చుకొను విద్య కాదు.

దీని ఫలమును సునీల్ ఛేత్రి కథయందు చూచితిమి. 1984లో సికిందరాబాదున పుట్టి, 2013 నుండి మన బెంగుళూరు జట్టుతో పెనవేసికొనిన ఛేత్రి, దేశమునకు 94 గోల్సు చేసి 2024 జూనులో సెలవు తీసికొనెను. తొమ్మిది నెలలు గడచినవి. ఆ స్థానమున నిలుచువాడు దొరకక, 2025 మార్చిలో నలుబదేండ్ల వానిని మరల పిలిచిరి. వచ్చినవాడు మాల్దీవులతో జరిగిన ఆటలోనే మరల గోలు చేసెను. అది ఛేత్రికి కీర్తి, తక్కినవారందరికి సిగ్గు. నూట నలుబది కోట్ల జనములో మరియొక సెంటర్ ఫార్వర్డు పుట్టలేదా? పుట్టియే యుండును. వాడు ఆడదగిన చోటును మనము అమ్ముకొంటిమి. అదే సంవత్సరము అక్టోబరులో, సొంతగడ్డ గోవాలో సింగపూరు చేతిలో ఓడి, 2027 ఆసియా కప్పునకు పోవు అవకాశమును మన దేశము పోగొట్టుకొనెను.

ఇంతవరకు పెద్ద సంగతులు. ఇప్పుడు మనయింటి సంగతి. కొన్నేండ్ల క్రిందట మనవారి సంఘమొకదానిలో ఏటేట పిల్లలకు ఫుట్‌బాలు పోటీ జరిగెడిది. సంఘము పేరు చెప్పను. అందు నేనును సభ్యుడనే, కనుక నింద నాకును చెందును. మూడేండ్లు వరుసగ మన పిల్లలు ఓడిరి. నాలుగవయేడు కార్యవర్గములో ఒకరు, “బయటినుండి ముగ్గురిని డబ్బిచ్చి తెద్దాము, ఎవరికి తెలుస్తుంది?” అనిరి. తెచ్చిరి. ఆ ముగ్గురు చక్కగ ఆడిరి. కప్పు గెలిచితిమి. ఛాయాచిత్రములు తీసితిమి, మిఠాయిలు పంచితిమి. నేనును చప్పట్లు కొట్టితిని.

ఆ ముగ్గురికి చోటిచ్చుటకై మన పిల్లలు ముగ్గురు కూర్చుండవలసి వచ్చెను. వారిలో నొకడు పూలతోట పనికి ఈ యూరు వచ్చిన కుటుంబపు నాలుగవ తరమువాడు. నెలదినములు తెల్లవారుజామున లేచి సాధన చేసినవాడు. వాని తల్లి ఆట చూచుటకు పని మానుకొని వచ్చెను. ఆ సాయంకాలము ఆమె కొడుకును ఒక్క నిమిషమును పిలువలేదు. కప్పు నెత్తునప్పుడు వానిని కూడ ప్రక్కన నిలిపి ఫొటో తీసిరి. వాడు నవ్వలేదు. మరుసటియేడు పోటీకి పిల్లలను పిలువగా పదకొండుగురు చేరలేదు. ఆ తరువాతియేడు పోటీయే లేదు. కప్పు మాత్రము సంఘము బీరువాలో నున్నది. దానిని చూచినప్పుడెల్ల గెలిచినది మేము కాదని నాకు తోచును.

దీనికి మనవారు చెప్పు సమాధానములు మూడు. మొదటిది, “పిల్లవాడు తప్పు చేస్తే ఆట పోతుంది.” అవును, పోవును. బలరాము మొదటిదినముననే బలరాము కాలేదు. పోయిన ఆటలు గురుదక్షిణ వంటివి. ఇయ్యనివానికి విద్య రాదు. రెండవది, “విదేశీయుల ప్రక్కన ఆడితే మనవాళ్లు నేర్చుకుంటారు.” ప్రక్కన ఆడినచో నేర్చుకొందురు, వారికి బదులు బెంచీమీద కూర్చున్నచో నేర్చుకొనరు. మనోలో జట్టులో ఓగ్బెచెతోపాటు పిల్లలు ఆడిరి, కనుకనే ఎదిగిరి. మూడవది, “టికెట్టు కొంటున్నాము, గెలుపు కోరడము మా హక్కు.” హక్కే. కాని టికెట్టు కొన్నవానికి సంవత్సరములో కొన్ని సాయంకాలములే దక్కును. పెంచిన జట్టు ఊరునకు తరములు దక్కును. బెంగుళూరులో హెచ్.ఏ.ఎల్., ఐ.టి.ఐ. కర్మాగారముల జట్లు ఆటగానికి ఉద్యోగమిచ్చి ఊరిలో నిలిపిన దినములలో, వాడు ఆట చాలించిన పిమ్మటగూడ మైదానముననే కనబడెడివాడు. వీధిపిల్లలకు తన్నుట నేర్పెడివాడు. అలసూరు గౌతమపురమున పెలే విగ్రహము నిలిపిన జనులకు ఆ సంగతి తెలియును. వారు పెలేను కొనలేదు. ఆయనను చూచి తమ పిల్లలను బంతితో మైదానమునకు పంపిరి.

కావున యువకులారా, వాదింపుడు. కాని వాదవిషయము మార్చుడు. ఈ యేడు ఎవనిని కొనిరని కాక, ఇరువదేండ్ల లోపువారిని ఎందరిని ఆడించిరి, ఎన్ని నిమిషములు ఆడించిరి అని అడుగుడు. ముందువరుసలో మనవానికి చోటెప్పుడిత్తురని అడుగుడు. తప్పుచేసిన పిల్లవానిని తరువాతి ఆటలో మరల దించిరా లేదా అని అడుగుడు. అభిమాని కేక శిక్షకునికి వినబడును. జట్టు యజమానికి మరింత బాగుగ వినబడును. మీరు కొనుగోళ్లకు చప్పట్లు కొట్టినంతకాలము వారు కొనుచునే యుందురు.

పెద్దలకును ఒక మనవి. ఏ ఊరిలోనైనను మన సంఘములు పోటీలు పెట్టినచో, మన కుటుంబముల పిల్లలు, మన వీధుల పిల్లలు, వారు ఏ భాషవారైనను సరే, వారే ఆడవలెను. బాడుగ ఆటగాడు వలదు. ప్రతి జట్టును వచ్చిన ప్రతి పిల్లవానిని కొంతసేపైనను ఆడించితీరవలెను. సన్మానసభలో ఒక శాలువ తగ్గించినచో ఒక బంతి వచ్చును. రెండు తగ్గించినచో ఒక పేదపిల్లవానికి బూట్లు వచ్చును. ఓడిపోయినను సరే. ఓడిన జట్టు మరుసటియేడు వచ్చును. అవమానపడిన జట్టు రాదు.

దూరపుకొండలు నునుపు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత చెట్టు తప్పును చెప్పునది కాదు. దానికి నీరు పోయక, ఆకు కోసి చూడక, పొరుగూరి వైద్యునికొరకు పరుగెత్తువాని తప్పును చెప్పునది. పరభాషల నడుమ తరములుగ తెలుగును నీరుపోసి నిలుపుకొన్నవారము. పెరటి చెట్టును కాపాడుట మనకు ఇతరులు నేర్పవలెనా?

ఆదివారము ఉదయము ఏడు గంటలకు నేను మైదానపు గట్టుమీద కూర్చుందును. ఆ సంక్రాంతినాడు నవ్విన మా మనుమడు ఇంకను రాలేదు. ఒక్క ఆదివారము వచ్చి, ముగ్గురు పిల్లల పేర్లు అడిగి తెలిసికొనిపోయిన చాలును. ఆ తరువాత ఎవనిని కొనవలెనని వాడెంత వాదించినను, ఆసాంతము వినుటకు నేను సిద్ధముగ నున్నాను.